బెంచీ మార్కుల సయామ్మ

ఏడో తరగతి పరీక్షల్లో విశాఖపట్నం జిల్లాకి ఫస్టు వచ్చినవాణ్ణి నేను. ఫలితాలు వచ్చిన రోజున హార్బర్లో ఓడలన్నీ ఒక్కసారిగా కూత పెట్టాయి. మా నాన్న పనిచేసే జెట్టీ మీద కళాసీలు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. మధురవాడలో మా అపార్ట్‌మెంటు గేటుకి ఎదురుగా ఏ కాలేజీవాళ్లో ర్యాంకుల ఫ్లెక్సీ కట్టినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. పొద్దున్న నడకకి వచ్చే నలుగుర్నీ ఆపి, "ఇవీ ఒక ర్యాంకులేనా" అని మొదలుపెడతాను.

మొన్న అలాగే మొదలుపెట్టి, కళాసీల భుజాల దాకా ఎక్కాను. ఫోను మోగింది. నర్సమ్మ. మా మేనత్త కూతురు నర్సి, చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చున్న మనిషి.

"బావా, సయామ్మ పోనాది. తెల్లారగట్ల. బేగి రా," అని పెట్టేసింది.

ఓడలు కూతలు ఆపేశాయి. కళాసీలు నన్ను కిందికి దింపేశారు. నడక స్నేహితులు "తరవాతేమైంది మాస్టారూ" అంటున్నారు గానీ నా నోట్లోంచి ఆ పూట అబద్ధం రాలేదు.

నిజం చెప్పేస్తాను. జిల్లాకి కాదు. ఊరికి కూడా కాదు. మా బర్మా క్యాంపు బడికి. ఆ ఏడు మా బడినుంచి పరీక్ష రాసినవాళ్లం ఎనిమిదిమందిమి. ఆ ఎనిమిదిమందిలోనైనా ఫస్టు వచ్చింది నేను కాదు, మా బెంచీ. సయామ్మ బడిలో మార్కులు మనిషికి ఉండేవి కావు. బెంచీకి ఉండేవి.

సయామ అంటే బర్మా భాషలో పంతులమ్మ. దాని చివర మన అమ్మని తగిలించి సయామ్మని చేసుకున్నాం. అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. ఆవిడ రేషన్ కార్డు చూసినవాళ్లకి తెలియాలి. మా అందరిలాగే ఆవిడా రంగూన్ మనిషే, ఇక్కడివాళ్ల మాటలో రంగం. తాతల కాలంలో ఇటువైపు పల్లెలనుంచి ఓడెక్కి వెళ్లి, అక్కడి బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ బతికిన కుటుంబాలు మావి. అక్కడ రోజులు మారిపోయాక అదే సముద్రం మీద వెనక్కి వచ్చి, పెద్దవాళ్లెవరూ పుట్టని ఈ స్వదేశంలో రేకుల షెడ్లలో దిగాం. నాకు ఆ ఓడ లీలగా గుర్తు. తుఫానులో ఓడని నేనే నడిపించానని మనవలకి చెప్పాను. నాకప్పుడు నాలుగేళ్లు.

ఓడ దిగేటప్పుడు అందరూ పరుపులూ గిన్నెలూ మోసుకొస్తే, ఆవిడ చంకలో బేత్తంతో అల్లిన బంతి ఒకటి పెట్టుకుని దిగిందట. మా నాయనమ్మ చచ్చేదాకా నవ్వుకునేది: "మొగుడు నేడు, పిల్లల్నేరు, బంతొట్టుకొచ్చింది!"

ఆవిడ రెండు బుగ్గలకీ చెట్టుబెరడు అరగదీసిన గంధం గుండ్రంగా పూసుకునేది. నడుముకి పూల లుంగీ, పైన తెల్ల జాకెట్టు. చేతిలో బొటనవేలంత లావు చుట్ట. బడి గుమ్మం పక్కన గోడలో ఒక గూడు ఉండేది. లోపలికి వచ్చేముందు చుట్ట ఆర్పి అందులో పెట్టేది, బయటికి వెళ్లేటప్పుడు తీసి ముట్టించేది. ఆ గూటి పైగట్టున బుద్ధుడూ, సింహాద్రి అప్పన్న పటమూ పక్కపక్కనే ఉండేవి. చుట్ట పొగ ఇద్దరికీ సమానంగా అందేది.

చేపలమ్మే జాలారి ముసలమ్మ ఒకావిడ రోజూ బడి ముందునుంచి వెళ్లేది. ఆవిడది అడ్డచుట్ట, నిప్పు వైపు నోట్లో పెట్టుకునే రకం. ఇద్దరూ ఎదురుపడితే ఆగిపోయి ఒకరి నోటి వంక ఒకరు చూసుకునేవారు.

"నిప్పు నోట్లో ఎట్టుకుంటావేటే? మతుండే సేత్తన్నావా?" అనేది సయామ్మ.

"బయటెట్టుకుంటే సముద్రం గాలికి ఆరిపోదేటమ్మా? మీ రంగంలో గాలి నేదేటి?"

సయామ్మ కాసేపు ఆలోచించి "కౌండే" అనేది. బాగుంది అని అర్థం. మాకు తెలిసి ఆవిడ బర్మా భాషలో రోజూ వాడే మాట అదొక్కటే. లెక్క సరిగ్గా చేసినా కౌండే, తప్పు చేసి ఒప్పుకున్నా కౌండే, వాన కురిసినా కౌండే. ఏ కౌండేకి ఏ అర్థమో ఆవిడ మొహంలో చూసుకోవాలి.

ఏది ఇచ్చినా ఎడమ అరచెయ్యి కుడి మోచేతి కింద పెట్టి ఇచ్చేది. అది అక్కడి మర్యాద. సుద్దముక్క అలాగే, మంచినీళ్లు అలాగే. చెంపదెబ్బ కూడా అలాగే ఇచ్చేది. సరే, ఇది పెంచాను. ఆవిడ ఎవరినీ కొట్టి ఎరగదు.

బడి బెంచీలు ఓడల్లో సరుకు దిగిన చెక్కపెట్టెల బల్లలతో చేసినవి. క్యాంపు మగవాళ్లు జెట్టీనుంచి మోసుకొచ్చి, ఆదివారాలు కూర్చుని మేకులు కొట్టారు. నేను కూర్చునేచోట, "జాగ్రత్త, పగిలిపోవును" అని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉండేది. పెట్టె బల్ల కొలత ఎంతో బెంచీ అంతే, ఇద్దరికి సరిపడా. బాగా వచ్చేవాణ్ణీ రానివాణ్ణీ ఒకచోట కలిపేది సయామ్మ. మా బెంచీలో లెక్కల్లో నేను, తెలుగులో నర్సి. పరీక్ష ఎవరిది వాళ్లే రాయాలి, కానీ ప్రతి కాగితం పైనా ఇద్దరి పేర్లూ ఉండాలి. ఆవిడ దిద్ది, ఇద్దరి మార్కులూ కలిపి, "మూడో బెంచీ, నూట పది" అని చదివేది. అందులో ఎవరివెన్నో బయటికి చెప్పేది కాదు.

దీనిమీద మా నాన్న ఒకసారి దెబ్బలాటకి వచ్చాడు. జెట్టీనుంచి సరాసరి, ఒంటినిండా బొగ్గు మసితో.

"మావోడికి ఎన్నొచ్చాయో సెప్పమ్మా."

"మీ బెంచీకి నూట పది బాబూ."

"బెంచీ సంగతి నాకెందుకు? ఈడికెన్ని?"

"నూట పది."

"నాను బెంచీకి అన్నం ఎడతన్నానా అమ్మా? ఈడికి ఎడతన్నాను!"

"జెట్టీలో బస్తా ఒక్కడివే లేపుతావేటి?" అంది సయామ్మ. "అటో కొస ఇటో కొస ఒట్టుకుంటారు గదా. ఎవుడెంత లేపేడో మేస్త్రీ రాత్తాడేటి?"

మా నాన్న నన్ను ఒకటి తగిలించి వెళ్లిపోయాడు. తరవాత క్యాంపులో ఎవరైనా "మీవోడెలా సదువుతన్నాడు" అని అడిగితే, "ఈడి బెంచీ బాగానే సదువుతంది" అనడం మొదలుపెట్టాడు.

వార్షికోత్సవానికి క్యాంపు ఆడవాళ్లంతా కలిసి కొబ్బరిపాల పులుసులో కౌస్వే వండేవారు. సేమ్యాకి అన్నలాంటిది కౌస్వే. ఆ వాసనకి క్యాంపు చివర రైలు గేటు అవతలివాళ్లు కూడా వచ్చేవారు. బహుమతులు మాత్రం బెంచీకి ఒకటే. ఒక ఏడు మాకు పెన్ను వచ్చింది. వారం నా జేబులో, వారం నర్సి జడలో.

శనివారం మధ్యాహ్నం బంతాట. రంగూన్ నుంచి చంకలో వచ్చిన ఆ బేత్తం బంతే. గుండ్రంగా నిలబడి, చేత్తో ముట్టకుండా, పాదంతో, మోకాలితో, మడమతో బంతిని గాల్లో ఉంచాలి. అంతే ఆట. గెలుపు లేదు, జట్టు లేదు. బంతి పడితే అందరిదీ పడినట్టు. సయామ్మ లుంగీ కొంచెం ఎగదోపి మధ్యలోకి దిగేది. ఆ వయసులో మడమ వెనక్కి లేపి చూడకుండా కొట్టేది. ఎవరైనా చమత్కారంగా కొట్టి చప్పట్ల కోసం చూస్తే, ఆట ఆపేసేది.

"గొప్పగా కొట్టేవు, నిజమే. పక్కోడికి అందేలా ఇచ్చేవా?"

ఆవిడ చదువంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉండేది. పద్యం అప్పజెప్పినా అడిగేది, పరుగుపందెంలో ముందొచ్చినా అడిగేది: "నీ పక్కోడికి?"

ఇక ఆ పరీక్ష సంగతి. మా బడి మొదట ఐదో తరగతి దాకే. ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగి ఆరూ ఏడూ తెచ్చింది, అదీ తాత్కాలికంగా. మొదటి జట్టు ఏడో తరగతి కామన్ పరీక్ష గట్టెక్కితే ఉంచుతామన్నారు, లేకపోతే తీసేస్తామన్నారు. ఆ మొదటి జట్టు మేమే. నాకైతే పరీక్ష పోయినా పెద్ద నష్టం లేదు. మగపిల్లాణ్ణి, మళ్లీ రాయిస్తారు. నర్సికి అలా కాదు. మా మేనత్త అప్పటికే రొయ్యల షెడ్డులో దానికి పని మాట్లాడేసింది. సయామ్మ ఆ ఇంటి గుమ్మంలో కూర్చుని, లేవకుండా, చివరికి ఒక మాట రాబట్టింది.

"ఏడు పాసైతే గేటు దాటించి హైస్కూలుకి పంపుతాను. తప్పితే రొయ్యలే. మళ్లీ రాయడాల్నేవు," అంది మా మేనత్త.

"కౌండే," అంది సయామ్మ. ఆ కౌండేలో బాగున్నదేమీ లేదు.

పరీక్ష రైలు గేటు అవతల మున్సిపల్ హైస్కూల్లో. అక్కడ మమ్మల్ని ఎవరికి వాళ్లని విడదీసి, బెంచీకి ఒకణ్ణి చొప్పున కూర్చోబెట్టారు. అంత పొడుగు బెంచీ మీద ఒక్కణ్ణీ కూర్చోవడం నాకదే మొదలు. మొదటి రోజు తెలుగు. కాగితం పైన "పేరు" అని ఉన్నచోట మేము ఎనిమిదిమందిమీ, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ రాస్తున్నట్టే, రెండేసి పేర్లు రాశాం. మాది, మా పక్కవాళ్లది. ఇక్కడ అలా రాయకూడదని మాకెవరూ చెప్పలేదు. చెప్పాలని సయామ్మకి తోచలేదు. భూమ్మీద ఇంకే బడీ చెయ్యలేని పొరపాటు అది.

కాగితాలు పోగుచేసిన మాస్టారికి కళ్లు తిరిగాయి. ఒకే బడి, ఎనిమిది కాగితాలు, పదహారు పేర్లు! కాపీ ముఠా దొరికిందనుకున్నాడు. మర్నాడు లెక్కల పరీక్షకి వెళ్లేసరికి వరండాలో మమ్మల్ని వరసగా నిలబెట్టారు. జీపులో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు దిగాడు. సయామ్మకి కబురు వెళ్లింది. ఆవిడ వచ్చి, చుట్ట ఎక్కడ పెట్టాలో తెలియక, గుప్పిట్లో నలిపేసి నిలబడింది.

ఇన్‌స్పెక్టరు మా కాగితాలు బల్లమీద పరిచాడు.

"ఏమ్మా, ఇవి పరీక్ష కాగితాలా, పెళ్లి శుభలేఖలా? అప్పలరాజు, లక్ష్మి. సూరిబాబు, పైడితల్లి. ఏమిటిది?"

"తప్పు నాది బాబూ. మా బళ్లో అలగే రాత్తారు. ఇక్కడ అలగ కాదని సెప్పడం మర్సిపోనాను."

"రెండో పేరెందుకసలు?"

"ఆ పక్కనున్నోడు నేకపోతే ఈడికి అన్ని మార్కులు రావు గదండీ."

"అదేగా నేననేదీ! చూసి రాశారని మీరే ఒప్పుకుంటున్నారు."

"సూసి కాదు బాబూ, సెప్పి," అంది సయామ్మ. "పక్కోడికి సెప్పినప్పుడే గదా, తనకి ఎంతొచ్చో తనకి తెలిసేది? రాసింది మటుకు ఎవుల్ది ఆళ్లే. ఒక్కొక్కర్నీ నిలబెట్టి అడగండి. తప్పు సెప్తే బడి మూసేద్దురు గాని. పిల్లల పరీచ్చ మటుకు ఆపకండి."

నర్సి నా పక్కనే నిలబడి ఉంది. దాని జడలోంచి పెన్ను తీసి ఊరికే మూత పెట్టడం, తియ్యడం చేస్తోంది. ఆ వారం పెన్ను దానిది.

ఆయన ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు. చెప్పారు. కాసేపు బల్లమీద వేళ్లతో కొట్టుకుని, "సరే. ఒక్కొక్కరూ వచ్చి తన పేరు ఉంచుకుని, రెండోది కొట్టేసి, పక్కన తన పరీక్ష నంబరు వెయ్యండి. ఇవాళ్టినుంచి ఒక్క పేరే," అన్నాడు.

ఒక్కొక్కరూ వెళ్లి కొట్టేసి వస్తున్నారు. నా వంతు వచ్చింది. కలం పట్టుకున్నాను. నర్సి పేరు మీద గీత గీయడానికి చెయ్యి రాలేదు. తలెత్తి ఇన్‌స్పెక్టరు కళ్లలోకి చూసి, చదువంటే ఏమిటో, పక్కవాడంటే ఏమిటో ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా భుజం తట్టి, "ఈ బడి ఉండాలి" అన్నాడు.

ఇలాగే నేను ముప్ఫయ్యేళ్లుగా చెబుతున్నాను. ఆవిడ పోయింది కాబట్టి సవరించుకుంటాను. కళ్లద్దాలు తుడుచుకోలేదు, ఆయనకి కళ్లద్దాలే లేవు. భుజం తట్టలేదు. ఉపన్యాసం కూడా లేదు. "కొట్టెయ్యకుండా కుదరదా సార్?" అని ఒక్క మాట అడిగాను. ఆయన "కానియ్యి, కానియ్యి, అవతల లెక్కల పరీక్షకి టైమైపోతోంది" అన్నాడు. కొట్టేశాను. ఆ ఒక్క మాట అడగడం మటుకు నిజం. అప్పన్న మీద ఒట్టు.

అందరం పాసయ్యాం. బడికి ఏడో తరగతి ఉండిపోయింది. మా మేనత్త మాట నిలబెట్టుకుంది. జూన్ నుంచి రోజూ పొద్దున్న సయామ్మ ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని రైలు గేటు దాకా వచ్చేది. గూడ్సు బండి అడ్డంగా నిలబడిపోతే, ఆవిడే ముందు లుంగీ బిగించి పెట్టెల కిందనుంచి దూరి, అవతల నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందించేది, ఎడమ అరచెయ్యి మోచేతి కింద పెట్టి. నర్సి అలా దూరి దూరి నర్సు చదువు దాకా వెళ్లింది. ఆస్పత్రిలో సిస్టరమ్మగా రిటైరైంది.

ఆ పరీక్ష తరవాత సయామ్మ నన్ను మిగతావాళ్లకన్నా ఎక్కువగా చూసుకుంది. ఇందులో పెంచి చెప్పిందేమీ లేదు, క్యాంపంతా చెబుతుంది. నేను హైస్కూలుకి వెళ్లిపోయాక కూడా శనివారం బంతాటకి నాకొక్కడికే కబురు పెట్టేది. తన పక్కనే నిలబెట్టుకునేది. నేను కొట్టిన ప్రతి బంతినీ ఎటు వెళ్లిందో చూసేది. ప్రియశిష్యుణ్ణి కదా అని నేను ఛాతీ విరుచుకునేవాణ్ణి.

ఎనభైల్లో స్టీలుప్లాంటు కడుతున్నప్పుడు నాకు అందులో క్రేన్ ఆపరేటరుగా ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పట్టుకుని ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"కౌండే. నీ పక్కోడికి?"

"పక్కోడెవుడు సయామ్మా! ఇంటర్వ్యూ లైన్లో నా ఎనకాల ఎవుడో నక్కపల్లోడు నిలబడ్డాడు."

"ఆడికొచ్చిందా?"

"నాకేటి తెలుసు?"

"కనుక్కో."

గాజువాకంతా గాలించి ఆ నక్కపల్లి మనిషిని పట్టుకున్నాననీ, మా ఫోర్‌మన్ కాళ్లావేళ్లా పడి అతనికీ ఉద్యోగం వేయించాననీ తరవాత ఆవిడకి చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "కౌండే" అంది. నమ్మిన కౌండే కాదు. ఆ తరవాత ఇల్లు కొన్నప్పుడూ అదే ప్రశ్న, పిల్ల పెళ్లి చేసినప్పుడూ అదే ప్రశ్న. కిందటేడు వెళ్తే చూపు బాగా తగ్గిపోయింది. గొంతు బట్టి పోల్చుకుని, చెయ్యి పట్టుకుని, "నువ్వేనా? నీ పక్కోడెలగున్నాడురా?" అంది.

నర్సి ఫోను చేసిన రోజు నేను క్యాంపుకి వెళ్లేసరికి ఆవిణ్ణి బడి గుమ్మంలో పడుకోబెట్టారు. బుగ్గలకి నర్సి గంధం పూసింది, గుండ్రంగా, సరిగ్గా ఆవిడ పూసుకునేంత మేర. గూట్లో సగం కాలిన చుట్ట అలాగే ఉంది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు, ఇప్పుడు బట్టతలలూ మోకాళ్ల నొప్పులూ అయినవాళ్లు, ఎవరూ చెప్పకుండానే పాత బెంచీల ప్రకారం ఇద్దరిద్దరుగా నిలబడ్డారు. ఒకరిద్దరి పక్కన ఖాళీ ఉంది. పాడె కొసలు అలాగే జతలుగా పట్టారు. నేనూ నర్సీ ఒక వైపు. ఆడవాళ్లు పట్టకూడదని ఎవరో గొణిగితే, "ఇది బెంచీ లెక్క," అంది నర్సి.

వారం పోయాక ఇదంతా రాసి, అచ్చుకి ఇచ్చేముందు నర్సికి చదివి వినిపిద్దామని వెళ్లాను. అది గుమ్మంలో పీట వేసుక్కూర్చుని నెత్తళ్ల తలలు గిల్లుతోంది. మొదట్నుంచి చివరిదాకా చదివాను. కళాసీల దగ్గర నవ్వింది. చుట్టల దగ్గర నవ్వింది. పరీక్ష దగ్గర చెయ్యి ఆపలేదు, నవ్వలేదు. చదవడం అయిపోయాక "ఎలగుంది?" అన్నాను.

"పదారు కాదు," అంది, చేపలమీంచి చూపు తియ్యకుండా.

"ఏటి పదారు కాదు?"

"పేర్లు. పదేను. నీ కాయితం మీద నీ పేరొక్కటే ఉంది బావా. కొట్టెయ్యడానికి నీకక్కడేటుంది? కుదరదా సార్ అని అడిగింది నాను. నీ పేరు కొట్టెయ్యలేక."

"ఏటే నువ్వనేది..."

"ఆ బాబు నీ కాయితం పైకెత్తి, 'వీడొక్కడికే బుద్ధుందమ్మా, వీణ్ణి చూసి నేర్చుకోమనండి మిగతావాళ్లని' అన్నాడు. నువ్వు ఇంతెత్తున నిలబడ్డావు. అప్పుడు సయామ్మ ఏటందో గేపకం నేదూ?" నర్సి పళ్లెంలో చేపలన్నీ ఒక పక్కకి జరిపి, తలెత్తి నావైపు చూసింది. "'ఈడొక్కడికే నాను సదువు సెప్పలేకపోనాను బాబూ' అంది. అది రాయి."